ఏ రొట్టె అని అడిగావా?

నెల్లూరు రొట్టెల పండగలో తీసిన ఫొటోలతో తమ్ముడు ఎగ్జిబిషన్ పెడదామనుకుంటున్నాడు, ఒక్కో ఫొటో కింద ఒక కథ రాసి. బారా షహీద్ దర్గా పక్క వీధిలో పుట్టి పెరిగిన అక్కకి అది నచ్చలేదు. తోడబుట్టినవాళ్లు కాదు, ఇద్దరివీ ఒకప్పుడు పక్కపక్క ఇళ్లే.

తమ్ముడు: ఈ ఫొటో చూడక్కా. స్వర్ణాల చెరువు నీళ్లలో బురఖా వేసుకున్నామె రొట్టె ఇస్తోంది, మెళ్లో పసుపుతాడున్నామె కొంగు పట్టి తీసుకుంటోంది. ఇది చూశాక కూడా మనం కలిసి బతకలేమని ఎవరంటారు చెప్పు?

అక్క: బానే ఉంది గానీ, అది ఏ రొట్టె?

తమ్ముడు: ఏ రొట్టంటే... అడగలేదక్కా.

అక్క: చూశావా. నీళ్లలో దిగినోళ్లు ఒకర్నొకరు అడిగేది అదొక్కటే గదా, సంతాన రొట్టె ఎవరి దగ్గరుంది, ఉద్యోగ రొట్టె ఉందా, పెళ్లి రొట్టె ఉందా అని అరుచుకుంటా తిరుగుతారు. కోరిక తీరినామె రొట్టె తెస్తది, అదే కోరిక ఉన్నామె తీసుకుంటది, బిడ్డ పుట్టినామె బిడ్డ లేనామెకి ఇస్తది, మతం ఎవరడుగుతారు అక్కడ? నువ్వేమో బురఖా ఎక్కడ బొట్టు ఎక్కడ అని ఎతుక్కున్నావు.

తమ్ముడు: ఎతకాల్సొచ్చిందక్కా! హైదరాబాద్‌లో మా ఆఫీసోళ్లు చాలామంది దర్గా గడప తొక్కింది లేదు, ఫోన్లో రోజూ వాళ్లకొచ్చే మెసేజ్‌లు ఎట్టాంటివో నీకు తెలుసు. నోటితో చెప్తే వాదనకి దిగుతారు, ఫొటో చూపిస్తే మాత్రం ఆగి చూస్తారు, ఒకడైతే మళ్లీ పండగెప్పుడు, నేనూ వస్తానన్నాడు.

అక్క: వస్తాడు, ఆ ఒక్కరోజు. మా చెల్లెలి కొడుకు ఇంటద్దె కోసం తిరిగితే పేరు వినంగానే మావాళ్లు ఒప్పుకోరండీ అన్నారు, ఆ ఇంటోళ్లూ ఏటా దర్గాకొచ్చేవాళ్లే. మరి ఏం మారినట్టు?

తమ్ముడు: అందుకే గదక్కా కథ కావాలనేది. మా తాత పేరు మస్తానయ్య, దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని పెట్టిన పేరు. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామని పీరుంది, ఆయన పేరు మీద ఎంతమంది హిందువులు కుళ్లాయప్పలున్నారో, మొహర్రంకి అక్కడ పీర్లు లేస్తే వాళ్లంతా చక్కెర చదివింపులకి పోతారు. ఇప్పుడు పిల్లలకి ఆ పేర్లు పెట్టట్లేదు, ఎందుకు పెట్టారో చెప్పేవాళ్లు కూడా పోతే ఇంకేం మిగులుద్ది?

అక్క: అది రాయి, అది నీ ఇంటి కథ. కానీ ఈ ఫొటో కింద 'ఒక ముస్లిం మహిళ' అని రాశావే, ఆమె ఏం మొక్కుకుందో, ఏం తీరిందో ఏదీ లేదు. పైగా రేపు ఎవడో నీ రాత తీసేసి, ఆ బొమ్మ కింద పాడుమాట రాసి తిప్పితే ఆమె బయటికి ఎట్టా పోద్ది? ఫొటో తీస్తానని అడిగావా అసలు?

తమ్ముడు: ...ఆ తోపులాటలో అడగలేకపోయా.

అక్క: అయితే ఆపు దాన్ని.

తమ్ముడు: ఇదే తీసేస్తే మిగతావన్నీ ఉత్త జనం ఫొటోలక్కా.

అక్క: ప్రింట్ ఒకటి తీయించు. ఈ ఊరామే అయితే దొరక్కపోదు, నేనూ వస్తా ఎతుకుదాం. ఆమె సరేనంటే ఆమె చెప్పిందే రాయి.

తమ్ముడు: వద్దంటే?

అక్క: ప్రింట్ ఆమె చేతికిచ్చి వచ్చేద్దాం.

తమ్ముడు: సరే. కానీ సరేనంటే మాత్రం ఆ బురఖా, ఆ పసుపుతాడు రెండూ కనపడేట్టే పెడతా, అందులో తగ్గను.

అక్క: ముందు ఏ రొట్టో కనుక్కో.