మహారాజశ్రీ వెయిట్‌లిస్ట్ గారికి

మహారాజశ్రీ వెయిట్‌లిస్ట్ గారి సముఖానికి, అమెరికాలో ఓ పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న (చదువుదామని వచ్చిన అంటే సరిగ్గా ఉంటుంది) తెలుగు విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

స్ప్రింగ్ సెమిస్టర్ జనవరి మధ్యలో మొదలవుతుంది. ఊళ్లో అందరూ భోగిమంటలు వేసుకునే వారమంతా నేనిక్కడ ఒక కోర్సులో సీటు కోసం మీ పేజీని రిఫ్రెష్ కొడుతూ గడుపుతాను. సెమిస్టర్‌కి ప్రిపేర్ అవడమంటే పాత నోట్సు తిరగేయడం, లీనియర్ ఆల్జీబ్రా మళ్లీ ఓసారి చూసుకోవడం అని మా ఇంట్లో అనుకుంటున్నారు. అవన్నీ కోర్సు దొరికినవాళ్లు చేసే పనులు. మాలాంటివాళ్లకు ప్రిపరేషన్ అంటే మీ కటాక్షం కోసం కాచుకోవడమే.

నవంబర్‌లో రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు ఏం జరిగిందో మీకు తెలియంది కాదు. అందరికీ ఒకేసారి తలుపు తీయరు. ఎక్కువ క్రెడిట్లు పూర్తయినవాళ్లు ముందు, మొన్న ఆగస్టులో దిగినవాళ్లం చివర. నా టైమ్ రాగానే లాగిన్ అయ్యాను. కోర్సులు ఎంచి పెట్టుకునే షాపింగ్ కార్ట్‌లో మెషిన్ లెర్నింగ్ పక్కన, సీట్లున్నాయని చెప్పే పచ్చటి గుండ్రం మెరుస్తోంది. ఎన్‌రోల్ నొక్కితే 'హోల్డ్' అని వచ్చింది. యూనివర్సిటీ అడిగిందని ఆగస్టులో నేనిచ్చిన టీబీ పరీక్ష రిపోర్టు ఇంకా ఎవరూ తెరిచి చూడలేదట. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష లేనిపోని పాజిటివ్ చూపించవచ్చని మనవాళ్లు ఎక్కువగా రక్తపరీక్షే చేయించుకుంటారు. నేనూ అదే చేయించాను. రక్తం ఇచ్చినంత తొందరగా సంతకం దొరకదని అప్పుడే అర్థమైంది. హోల్డ్ తీసేసరికి పచ్చ గుండ్రం పోయి, ఆ చోట పసుపు త్రిభుజం కూర్చుంది. అంటే తమరు.

కోర్సు నిండిపోతే నీలం చదరం కూడా వస్తుంది. దాని మీద నాకు చాలా గౌరవం. లేదంటే లేదని మొహం మీదే చెప్పేస్తుంది, మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. తమరు మాత్రం 'చూద్దాం' అంటారు. ఆ 'చూద్దాం' పట్టుకుని రెండు నెలలు బతకాలి.

వెయిటింగ్ లిస్ట్ మాకు కొత్తేం కాదు. సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖ రైలెక్కిన జాతి మాది. కానీ ఆ రైల్లో ఒక న్యాయం ఉంది. బెర్తు దొరక్కపోతే ఆర్‌ఏసీ ఇచ్చి, పక్కవాడితో సర్దుకుని కూర్చోమంటారు. చార్టు తయారయ్యాక కూడా కన్ఫర్మ్ కాకపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, కొంత కోత పోను డబ్బు ఖాతాలో పడుతుంది. తమరి దగ్గర ఆర్‌ఏసీ లేదు, చార్టు లేదు. నంబరు మాత్రం ఉంది, అదీ ముందుకే నడవాలన్న నియమం లేదు. నేను మొన్న పద్నాలుగు, ఇవాళ పదహారు. ఈ సెమిస్టర్‌తో డిగ్రీ పూర్తయ్యేవాళ్లను ముందుకు జరిపారట.

నాన్నతో వీడియో కాల్‌లో ఈ గోడు చెప్పుకున్నాను.

"అక్కడా వెయిటింగ్ లిస్టేనారా? ఎమర్జెన్సీ కోటా ఉంటుందేమో కనుక్కో. ఎంపీ గారి లెటర్ తెప్పించమంటావా?"

"కోటా ఉంది నాన్నా. పర్మిషన్ నంబర్ అంటారు. ప్రొఫెసర్ ఇవ్వాలి."

"మరి వెళ్లి కలువు."

ఎక్కడ కలవను? ఆయనకు మెయిల్ పెట్టిన క్షణంలోనే జవాబొచ్చింది, సెలవులయ్యేదాకా మెయిల్ చూడనని. ఎంపీ గారైతే కనీసం పెళ్లిళ్లలోనైనా దొరుకుతారు.

సరదాకి రాస్తున్నాననుకోకండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాణ్ని. మా యూనివర్సిటీలో ఎమ్మెస్ వాళ్లకు సెమిస్టర్‌కు 9 క్రెడిట్లు ఉంటేనే ఫుల్‌టైమ్ లెక్క. రెండు కోర్సులతో ఆరు చేతిలో ఉన్నాయి. మిగతా మూడు మీ గుప్పిట్లో ఉన్నాయి, మీ దగ్గరున్నంతకాలం అవి సున్నా కిందే జమ. పోనీ అన్నీ ఆన్‌లైన్‌లో తీసుకుందామా అంటే, ఆ లెక్కలోకి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. సెమిస్టర్ మొదలైన 30 రోజుల్లోగా యూనివర్సిటీ మా రిజిస్ట్రేషన్‌ని సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల లెక్క ఉంచే అమెరికా ప్రభుత్వ సిస్టమ్‌లో, నమోదు చేయాలి. 'చూద్దాం' అనే గడి సెవిస్‌లో లేదండీ.

అందుకని అందరం ఏం చేస్తాం? అక్కర్లేని కోర్సొకటి బ్యాకప్‌గా పట్టుకుని కూర్చుంటాం. నేను పట్టుకున్న సీటు నిజంగా కావలసినవాడు అక్కడ వెయిట్‌లిస్ట్‌లో ఉంటాడు. వాడు బ్యాకప్‌గా పట్టుకున్నది ఇంకెవడికో కావాలి. తమరు ఇలా పిల్లల్ని కంటూ పోతున్నారు. అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపుల్లో బేరాలు మొదలవుతాయి: "నీ డేటాబేస్ వదులు, నా క్లౌడ్ వదులుతా, ఒకటి రెండు మూడు అనగానే ఇద్దరం నొక్కుదాం." మూడు అనేలోపు మధ్యలో ఎవడో ఎగరేసుకుపోతాడు. ఇద్దరు స్నేహితుల మధ్య మాటలు అలా ఆగిపోయాయి కూడా.

అన్నిటికన్నా నాకు నచ్చింది మీ చిన్న చెక్‌బాక్సు. బ్యాకప్ కోర్సు, మీ కోర్సు ఒకే టైములో ఉంటే, 'సీటొస్తే బ్యాకప్‌ని వదిలెయ్' అని ముందే టిక్ పెట్టి ఉండాలి. పెట్టకపోతే సీటొచ్చినా సిస్టమ్ మనల్ని దాటేసి వెనకవాడికి ఇచ్చేస్తుంది, చప్పుడు చేయకుండా. అంత ముఖ్యమైన గడిని అంత చిన్న అక్షరాల్లో, పేజీ అడుగున పెట్టినవారి పాదాలకు దండం.

ఒక్క సంగతి మాత్రం మింగుడు పడదు. మాకు అడ్మిషన్ ఇచ్చేటప్పుడు ఏ వెయిట్‌లిస్టూ అడ్డురాలేదు. ఫీజు కట్టే పేజీలో ఏనాడూ పసుపు త్రిభుజం కనిపించలేదు, అక్కడ ఎప్పుడూ పచ్చ గుండ్రమే. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి గదిలో ఇంతమందే ఉండాలని ఫైర్ రూల్స్ గుర్తొస్తాయి. మా దగ్గర తీసుకున్నది లెక్కపెట్టినంత శ్రద్ధగా కుర్చీలు కూడా లెక్కపెడితే తమరికి ఇంత పని ఉండేది కాదు. సీటు రాకపోతే తప్పు యూనివర్సిటీది కాదు, ఆలస్యంగా నొక్కిన నా వేలిది అనిపించేలా చేయడమే తమరి ఉద్యోగమని నా అనుమానం. ఆ ఉద్యోగం బాగానే చేస్తున్నారు. మేం యూనివర్సిటీని తిట్టం, నెట్ స్లోగా ఉందని రూమ్మేట్‌ని తిడతాం.

సెమిస్టర్ మొదలయ్యాక ఎలాగూ క్లాసుకొచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడతాను. క్లాసు పాఠాలు, హోమ్‌వర్కులు పెట్టే కాన్వాస్ సైట్‌లో నా పేరుండదు, కాబట్టి హోమ్‌వర్క్ కనిపించదు. రెండో వారం తమరు కరుణిస్తే, అప్పటికి మొదటి హోమ్‌వర్క్ గడువు దాటి ఉంటుంది. అయినా ఫరవాలేదు. సీనియర్లు నాకు మొదటివారమే చెప్పారు: "ఇక్కడ ఏ లైన్ కనిపించినా ముందు నిలబడు. దేనికో తర్వాత కనుక్కోవచ్చు."

ఇట్లు,
తమరి విధేయుడు,
నంబరు పదహారు

తా.క.: ఈ ఉత్తరం ముగిస్తుండగానే మెయిలొచ్చింది. వెయిట్‌లిస్ట్‌లో నా వంతు వచ్చిందట, 24 గంటల్లో ఒప్పుకోకపోతే వెనకవాళ్లకు ఇచ్చేస్తారట. చేతులు వణుకుతుండగా తెరిచాను. పార్కింగ్ పర్మిట్. నాకు కారు లేదు, లైసెన్సూ లేదు. అయినా ఒప్పేసుకున్నాను.