గొర్రెపిల్లను తేలేనివాళ్ల గువ్వలు

నలభై రోజుల పసిబిడ్డ యేసును ఎత్తుకుని మరియ, యోసేపు యెరూషలేము దేవాలయానికి వచ్చారు. "గువ్వల జతనైనను రెండు పావురపు పిల్లలనైనను" బలిగా అర్పించడానికి వచ్చారని సువార్త రాసిన లూకా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాడు. గొర్రెపిల్ల ఊసే ఎత్తడు. బలుల నియమాలు చెప్పే లేవీయకాండం 12వ అధ్యాయం చూస్తే, బాలింత తేవలసింది ఏడాది గొర్రెపిల్ల, దానితోపాటు ఒక పక్షి. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లు దాని బదులు ఇంకో పక్షిని తెచ్చుకోవచ్చు. ఆ రెండు పక్షులను చూస్తే చాలు, ఆ ఇంటి పరిస్థితి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

పావురం అనగానే మనకు శాంతి గుర్తుకొస్తుంది. తెల్లటి రెక్కలు, ముక్కున ఓలీవ కొమ్మ. ఆ బొమ్మ మీద నాకు కోపం లేదు. కానీ లేఖనాల్లోని పావురాన్ని ఆ బొమ్మ మన కళ్లకు అడ్డంగా కప్పేసిందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. బైబిల్లో ఈ పక్షి ముందుగా పేదవాళ్లది, ఆ తర్వాత దుఃఖంలో ఉన్నవాళ్లది. శాంతి అనే అర్థం చాలా తర్వాత వచ్చి చేరింది.

జలప్రళయంలో ఓడ ఎక్కిన నోవహు కథే తీసుకోండి. ఆయన ముందు కాకిని వదిలాడు, తర్వాత పావురాన్ని. దానికి అరికాలు మోపేందుకు చోటు దొరకక తిరిగొచ్చింది. నోవహు చెయ్యి చాపి దాన్ని పట్టుకుని ఓడలోకి తీసుకున్నాడు (ఆదికాండంలో నాకు ఎంతో ఇష్టమైన వాక్యాల్లో ఇదొకటి). ఏడు రోజులు ఆగి మళ్లీ వదిలితే సాయంత్రానికి ఓలీవ ఆకుతో వచ్చింది. మరో ఏడు రోజులకు వదిలితే ఇక రానేలేదు. ఆకును చూసి నోవహు తెలుసుకున్నది ఒకటే, నీళ్లు తగ్గాయని. దేవుడు తన నిబంధనకు గుర్తుగా చూపించింది పావురాన్ని కాదు, మేఘంలోని ఇంద్రధనుస్సును.

మరి శాంతి ఎక్కడినుంచి వచ్చింది? ఓలీవ కొమ్మ గ్రీకులకు, రోమీయులకు అంతకుముందే శాంతి చిహ్నం. క్రీ.శ. 200 ప్రాంతంలో టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత బాప్తిస్మం గురించి రాస్తూ నోవహు పావురాన్నీ యేసు బాప్తిస్మమప్పుడు యొర్దాను నది దగ్గర దిగిన పావురాన్నీ ఒకచోట చేర్చి, మొదటిది లోకానికి శాంతి కబురు తెచ్చినట్టే రెండోది దేవుని శాంతిని తెచ్చిందన్నాడు. రోములోని తొలి క్రైస్తవుల భూగర్భ సమాధుల మీదా ఆ పక్షి కనిపిస్తుంది. 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టర్ మీద పికాసో పావురం వచ్చాక అది అందరి గుర్తూ అయిపోయింది. ఇందులో తప్పేమీ లేదు, అందమైన ప్రయాణమే. అయితే ఈ దారిలో గొర్రెపిల్లను తేలేని తల్లి వెనకబడిపోయింది.

తెలుపు కూడా అంతే. యొర్దాను దగ్గర దిగిన పావురం ఏ రంగుదో నాలుగు సువార్తల్లో ఒక్కటీ చెప్పదు. మన తెలుగు బైబిలు లేవీయకాండంలో "తెల్ల గువ్వ" అంటుంది గానీ హెబ్రీలో ఉన్నది "తోర్" అనే మాట, అందులో రంగు లేదు. ఆ జాతి గువ్వ ఒంటిరంగు గోధుమ, బూడిద కలిసినట్టుంటుంది.

లేవీయకాండం మొదటి అధ్యాయం రక్తం, బూడిదల మధ్య సాగుతుంది కాబట్టి చాలామంది త్వరగా దాటేస్తారు. దయచేసి ఒకసారి నెమ్మదిగా చదవండి. ఎద్దును తెచ్చినవాడి దహనబలి దేవునికి "ఇంపైన సువాసన". గొర్రెను తెచ్చినవాడిదీ అంతే. చివరికి పక్షిని తెచ్చినవాడి గురించీ అవే మాటలు, అక్షరం తగ్గకుండా. ఐదో అధ్యాయం ఇంకో మెట్టు దిగుతుంది. పక్షులు కూడా తేలేనివాడు ఏఫా అనే కొలతలో పదో వంతు గోధుమపిండి తెస్తే చాలు. ధర్మశాస్త్రం అంటే కఠినం అనుకునేవాళ్లకు నేను ఈ పిండినే చూపిస్తాను.

ఇక గువ్వ గొంతు. అది కూసే తీరు హెబ్రీ కవుల చెవికి మూలుగులా వినిపించింది. చావుదాకా వెళ్లి బతికిన హిజ్కియా రాజు తాను గువ్వలా మూలిగానంటాడు. "ఆహా గువ్వవలె నాకు రెక్కలున్నయెడల" ఎగిరిపోయి నెమ్మదిగా ఉందునే అని 55వ కీర్తనలో దావీదు అంగలార్చుతాడు. తర్వాతి కీర్తన శీర్షికలో ఒక రాగం పేరు ఉంది, ఆ హెబ్రీ మాటలను "దూరాన ఉన్నవారి మూగ గువ్వ" అని చదువుకోవచ్చు. శత్రువులైన ఫిలిష్తీయులు తమ పట్టణం గాతులో దావీదును పట్టుకున్నప్పటి కీర్తన అది. పరాయి నేల మీద, నోరు విప్పితే ఏమవుతుందో తెలియని మనిషి పాట. దేశం దాటి బతుకుతున్న మనకు ఆ రాగం పేరు ఒక్కటే చాలు. చెరపట్టబడినవాళ్లు అష్షూరు దేశంనుంచి తిరిగి రావడాన్ని హోషేయ ప్రవక్త కూడా గువ్వలు ఎగిరి రావడంతోనే పోల్చాడు.

ఇదంతా మనసులో పెట్టుకుని లూకా మూడో అధ్యాయానికి రండి. యేసుకు ఇంచుమించు ముప్పై ఏళ్లు. అందరితోపాటు బాప్తిస్మం పొంది ప్రార్థన చేస్తుండగా పరిశుద్ధాత్మ "శరీరాకారముతో పావురమువలె" దిగివచ్చింది. గద్ద రూపంలో రాలేదు. రోమా సైన్యం తన జెండాల మీద మోసింది గద్దనే. తల్లిదండ్రుల లేమిని ఒకప్పుడు దేవాలయంలో అందరికీ చూపించిన పక్షే ఇప్పుడు ఆకాశం తెరుచుకుని ఆయన మీద వాలింది. లూకా ఈ రెండింటినీ కలిపి చెప్పలేదు, నిజమే. కానీ ఒకే సువార్తలో ఒక్క అధ్యాయం తేడాతో వచ్చిన ఈ పక్షులను విడదీసి చదవడం నావల్ల కాదు.

ఆయనే తన శిష్యులను "పాములవలె వివేకులును పావురములవలె నిష్కపటులునై యుండుడి" అని పంపాడు. నిష్కపటులు అన్నచోట గ్రీకులో ఉన్న మాటకు కల్తీ లేనిదని అర్థం. నీళ్లు కలపని ద్రాక్షారసాన్ని అలా అంటారు.

అదే దేవాలయంలో ఆ పక్షులే సరుకయ్యాయి. మత్తయి, మార్కు ఇద్దరూ పావురాలు అమ్మేవాళ్ల పీటల ప్రస్తావన ప్రత్యేకంగా తెచ్చి, యేసు వాటిని పడదోశాడంటారు. యోహాను ఇంకాస్త దగ్గరినుంచి చూపిస్తాడు. గొర్రెలనూ ఎడ్లనూ తోలేశాడు, రూకలు చల్లేశాడు, బల్లలు పడదోశాడు. పావురాలు అమ్మేవాళ్ల వైపు తిరిగినప్పుడు మాత్రం నోటితో చెప్పాడు: "వీటిని ఇక్కడనుండి తీసికొనిపొండి."