పిల్లి మీసాలకి అర మార్కు

మా మనవడికి ఏడేళ్లు నిండాయి, ఇంకా కోడింగ్ రాదు. నలుగురిలో చెప్పుకోలేని మాట ఇది. శ్రీకాకుళంలో మా వీధి చివర బడివాళ్లు "ఒకటో తరగతి నుంచే కోడింగ్" అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టినా, మావాడు ఏడాదిపాటు దాని నీడలో గోళీలాడుకున్నాడు. అంచేత ఈసారి నాలుగు వేలు అదనంగా కట్టి, రెండో తరగతి కోడింగ్‌లో వేశాం.

అంత చిన్నపిల్లలకి ఎందుకని కొందరు గొణుగుతున్నారు. వాళ్లకి మా జిల్లా సంగతి తెలీదు. ఇక్కడ పిల్లాడు పుట్టగానే ఏ ఊరు వలసపోతాడో ఆలోచిస్తాం. చేపల వేటకి వెరావల్, కూలికి హైదరాబాద్, కీబోర్డుకి బెంగళూరు. ఎక్కడికి పోవాలన్నా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనే రైలెక్కాలి. ఆ స్టేషను శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. పేరు ఒకచోట, సరుకు ఇంకోచోట. ఇంజినీరింగ్ పిల్లలు దీన్నే పాయింటర్ అని ఏడుస్తూ నేర్చుకుంటారు. మావాళ్లకి ఆటో ఎక్కిన పూటే అర్థమైపోతుంది. పుట్టుకతోనే ఇంత పునాది ఉన్న జిల్లా మాది.

ఆలస్యమంతా ఢిల్లీవాళ్లదే. 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని తీరిగ్గా ఆరో తరగతి దగ్గర మొదలెట్టమంది. తర్వాత జ్ఞానోదయమై, 2026-27 నుంచి మూడో తరగతిలోనే ఏఐ, కంప్యూటేషనల్ థింకింగ్ (అంటే పనిని మెట్లుమెట్లుగా విడగొట్టి ఆలోచించడం) అని ప్రకటించారు. మా బడి అప్పటికే ఒకటో తరగతిలో ఉంది. ఇక మిగిలినవి ఎల్‌కేజీ, పురిటిగది.

పరాయి దేశాల్లో దీన్ని మరీ ఆటకింద తీసేశారు. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్ వగైరాలు పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. తర్వాత దానికి, చెప్పినట్టల్లా కదిలి గీతలు గీసే తాబేలుని జత చేశారు. ముందుకి వంద, కుడికి తొంభై, నాలుగుసార్లు. చతురస్రం వచ్చేస్తుంది. తాబేలు దారి తప్పితే ఎక్కడ తేడా కొట్టిందో పిల్లలే వెతుక్కోవాలి. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు స్క్రాచ్ అనే ఇంకో పిల్లల భాష తెచ్చి, అందులో పిల్లిని వదిలారు. "పదిసార్లు చెయ్యి", "ఫలానాది అయ్యేవరకు చెయ్యి" అనే రంగురంగుల దిమ్మలు, ఒకదానికొకటి అతికించుకోవడమే. తప్పు చేస్తే మార్కులు కొయ్యరు! చదవడం, రాయడం, లెక్కలతో పాటు ఈ కంప్యూటేషనల్ థింకింగూ పిల్లలకి రావాలని 2006లో జెనెట్ వింగ్ అనే కంప్యూటర్ ప్రొఫెసరమ్మ ఒక వ్యాసం రాసింది. ఇదంటే ప్రోగ్రాములు రాయడం ఒక్కటే కాదని కూడా అందులోనే అంది. ఆ ముక్క మా ఫ్లెక్సీలో పట్టలేదు.

మా బడిలో కంప్యూటర్ గది ఉంది. దానికి తాళం కూడా ఉంది. పిల్లలు చెప్పులు బయట విప్పి, వరసలో వెళ్లి, కవర్లు కప్పిన మానిటర్లని దర్శించుకుని వస్తారు. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి అయినా ఇంతకంటే దగ్గరగా కనబడతాడు. ఆపైన క్లాసులో పిల్లిని నోటుబుక్కులో గీస్తారు. మీసాలు మరిస్తే అర మార్కు పోతుంది. లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం మాత్రం దివ్యంగా చెప్తారు, ఒప్పుకోవాలి. అల్గారిథమ్‌కి ఇంగ్లీషులో ఒకటిన్నర లైను నిర్వచనం, పదిసార్లు ఇంపోజిషన్. అందులో ఒక్క మాటకీ మావాడికి అర్థం తెలీదు, ఒక్క అక్షరమూ తప్పు పోదు.

ఇంట్లోనే వాతావరణం బాగాలేదు. మా ఆవిడది పలాస, చిన్నప్పుడు జీడిపిక్కల పనికి వెళ్లిన మనిషి. 320 రకమంటే పౌనుకి సుమారు 320 గుళ్లని చేత్తో పట్టుకునే చెప్పేస్తుంది. మొన్న పుట్టింటినుంచి పప్పు వస్తే ముందు జల్లెడ పట్టింది. తర్వాత చేటలో పోసి గుండూ బద్దా విడదీసింది. ఆ తర్వాతే గుండులో పెద్దవీ చిన్నవీ. మావాడు పక్కన చేరాడు.

"మామ్మా, ముక్కలు ముందే ఎందుకు తీసేశావు?"

"అక్కర్లేనిది ముందు పోతే వెతికే కుప్ప తగ్గుద్ది కదేటి!"

మర్నాడు బడివేళకి మేజోడు ఒకటి కనబడలేదు. వాడు ఉతికిన బట్టల కుప్పలోంచి ముందు చీరలు, దుప్పట్లు లాగి పక్కన పడేశాడు. మిగిలిన గుప్పెడులో మేజోడు దొరికింది. (నేను చూడనట్టే ఊరుకున్నాను. చదువుకునే పిల్లలకి ఇలాంటివి అలవాటైతే కష్టం.)

నేను భయపడ్డట్టే అయింది. యూనిట్ టెస్టులో సార్టింగ్‌కి, అంటే వరసగా వేరుచేసి పెట్టడానికి ఉదాహరణ అడిగితే "మామ్మ జీడిపప్పు" అని రాసి సున్నా తెచ్చుకున్నాడు. సిలబస్‌లో జీడిపప్పు లేదన్నారు టీచరమ్మ. న్యాయమే. మా ఆవిడ చేట పట్టుకుని బడికి బయల్దేరబోతే నేనే ఆపాను. సార్టింగ్ నిర్వచనం కూడా ఇంపోజిషన్ ఇచ్చారు. రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, బుద్ధిగా రాసెయ్యమన్నాను.

వాడు పెన్సిల్ చెక్కుకుంటూ అడిగాడు: "తాతా, పదిసార్లు రాయాలా, వచ్చేవరకు రాయాలా?"