ఎక్స్‌రేకి భాష లేదు, రోగికి ఉంది

"కళ్ళు తిరుగుతున్నాయి బాబూ" అంది మా పెద్దమ్మ. ఒడిశాలో పర్లాకిమిడి వైపు ఒక ఆస్పత్రిలో ఓపీ చీటీ రాసే ఒడియా కుర్రాడు 'కంటి సమస్య' అని రాసి పంపేశాడు. కంటి డాక్టరు గది ముందు గంటసేపు కూర్చుంది. చివరికి ఎవరో బీపీ చూస్తే 180 దాటి ఉంది. వైద్యంలో కృత్రిమ మేధ గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆ చీటీయే గుర్తొస్తుంది.

ఎక్స్‌రేకి ఈ ఇబ్బంది లేదు. బరంపురంలో తీసినా బొబ్బిలిలో తీసినా ఊపిరితిత్తి మీద మచ్చ మచ్చే. 15 ఏళ్ళు, ఆపై వయసువారి ఛాతీ ఎక్స్‌రేల్లో క్షయ అనుమానాన్ని మనిషికి బదులు సాఫ్ట్‌వేర్‌తో చూడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే సిఫారసు చేసింది. జబ్బు నిర్ధారణకు తెమడ పరీక్ష ఎలాగూ తప్పదు. అయినా గజపతి, రాయగడ కొండల్లో రేడియాలజిస్టు దొరకని చోట, ఎవరికి ముందు ఆ పరీక్ష చేయాలో అక్కడికక్కడే తేలిపోతే ఎంత మేలు! ఫిల్ము పట్టుకుని విశాఖ కేజీహెచ్‌కి రైలెక్కేవాళ్ళను చూసినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఈ పని వెంటనే మొదలుపెట్టాలి.

అయితే ప్రయోగశాలలో నెగ్గిన యంత్రం ఊళ్ళో తడబడవచ్చు. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడాన్ని పట్టే గూగుల్ విధానాన్ని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో వాడి చూసి, 2020లో ఫలితాలు ప్రకటించారు. సరైన వెలుతురు లేని గదులు కావడంతో, ఐదు ఫొటోల్లో ఒకటికి పైగా పనికిరావని తిప్పికొట్టింది. మన పీహెచ్‌సీల్లో గదులూ కరెంటూ ఎలా ఉంటాయో తెలిసిందేగా.

నా అసలు భయం మాట విని జబ్బు అంచనా వేసే యాప్‌ల గురించి. 'గుండెల్లో మంట' అంటే మనకు చాలాసార్లు పులితేన్పుల బాధ. 'గుండె పట్టేసినట్టుంది' అంటే అంబులెన్సు పిలవాలి. పైగా 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఇటు, ఒడిశాలోనే ఉండిపోయిన మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో ఒడియా. నొప్పి చెప్పేటప్పుడు ఒకే వాక్యంలో రెండూ కలుస్తాయి. ఆ మాట మీద తర్ఫీదు పొందని యంత్రాన్ని ఓపీ బల్ల దగ్గర కూర్చోబెడితే, కుర్రాడి పొరపాటునే ఇంకా వేగంగా, వందలమందికి చేస్తుంది. ఆ తర్ఫీదు అయ్యేదాకా చీటీ రాయడం మనిషి చేతిలోనే ఉండాలి.

ఆ మాటలు పోగేయడం అంత కష్టమేం కాదు. తెలుగిళ్ళకు తిరిగే ఆశా కార్యకర్తలకు అవన్నీ నోటికి వచ్చు. రోగి అనుమతి తీసుకుని, ఆ కార్యకర్తలకు తగిన డబ్బు ఇచ్చి, ఏ మాటకు ఏ బాధో వాళ్ళచేతే రాయించాలి.