మిల్లు కాంటాకు రస్ట్ ఎందుకు?

కొత్త ప్రాజెక్ట్ అనగానే మనోళ్లు ముందు కొట్లాడుకునేది ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాయాలన్నదాని గురించే. 2023లో మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ఐటీ టవర్లు తెరిచాక ఈ పంచాయితీ హైదరాబాద్ దాకా పోకుండా ఇక్కడే నడుస్తోంది, మంచిదే. కానీ వాదనంతా ఏది ఫాస్ట్ అన్నదాని మీదే, స్పీడ్‌కు పేరున్న రస్ట్ అనే లాంగ్వేజే కావాలంటారు, రేపు ఆ కోడ్‌ను ఎవరు చూసుకుంటారని అడిగేవాళ్లు తక్కువ.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటాకు సాఫ్ట్‌వేర్ రాయాలనుకోండి. కాంటా మీదికి లారీ ఎక్కగానే ఇండికేటర్ (బరువు చూపించే డబ్బా) నుంచి సీరియల్ పోర్ట్ ద్వారా, అంటే కేబుల్ మీదుగా, బరువు కంప్యూటర్‌కు రావాలి, అందులోంచి ఖాళీ బండి బరువు తీసేసి, తేమ శాతం, తాలు రాసుకుని స్లిప్ కొట్టాలి. ఆ గదిలో ఉండేది పాత విండోస్ కంప్యూటర్, బోలెడంత దుమ్ము, ఉండీ లేనట్టుండే నెట్. నిమిషానికో లారీ వచ్చినా కంప్యూటర్‌కు అది లెక్కే కాదు. యాసంగి ధాన్యం దిగే రోజుల్లో రాత్రి పదింటికి స్లిప్ ఆగిపోతే ట్రాక్టర్ల లైను రోడ్డెక్కుతుంది, అప్పుడు ఫోన్ చేస్తే బండేసుకుని వచ్చే మనిషికి రస్ట్ రాకపోతే దాని స్పీడ్‌ను ఏం చేసుకోవాలి?

డిస్కార్డ్ అనే చాట్ యాప్ వాళ్లు ఒక సర్వీస్‌ను గో అనే లాంగ్వేజ్ నుంచి రస్ట్‌కు మార్చిన సంగతి 2020 నుంచీ అందరూ చెప్పేదే. వాడేసిన మెమరీని ఊడ్చే గో గార్బేజ్ కలెక్టర్ సుమారు రెండు నిమిషాలకోసారి అడ్డం పడుతోందని కొలిచి చూసుకున్నాకే వాళ్లు మార్చారు. మన కాంటాకు ఆ రోగమే లేదు.

అసలు చూడాల్సింది డబ్బు లెక్క. పైథాన్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లోనూ అంతే, జావాలో డబుల్ అనే మామూలు దశాంశ రకం వాడినా అంతే. రైతు బిల్లులో పైసా తేడా వచ్చినా అడుగుతాడు, అడగాలి కూడా. ఈ తేడా రాకుండా లెక్క కట్టడానికి పైథాన్‌కు డెసిమల్ మాడ్యూల్, జావాకు బిగ్‌డెసిమల్ ఉన్నాయి. సీ షార్ప్‌లో డెసిమల్ మొదటి నుంచీ లాంగ్వేజ్‌లోనే ఉంది, సీరియల్ పోర్ట్ చదివే రెడీమేడ్ కోడ్ సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌తోనే వస్తుంది, విండోస్ ఎలాగూ ఉంది. అందుకే నా ఓటు సీ షార్ప్‌కే, పాతదని ఎవరు నవ్వినా సరే.

మొత్తం పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లు రాసే లాంగ్వేజ్) వెబ్‌సైట్‌గా చేసేద్దామనేవాళ్లూ ఉంటారు. ఎక్కడో ఉన్న సర్వర్‌కు మిల్లులోని సీరియల్ పోర్ట్ కనపడదు కదా, ఇక్కడో చిన్న ప్రోగ్రాం తప్పదు. ఓనర్ ఫోన్లో చూసుకునే రిపోర్టుకైతే పీహెచ్‌పీ పెట్టుకోండి, దాంతో నాకు పేచీ లేదు. నెట్ పోయినా స్లిప్ మాత్రం రావాలి.