నిండిన తీరం, పలచబడిన ఊరు

క్రొయేషియాలో దుబ్రోవ్నిక్ నుంచి స్ప్లిట్‌కు కారులో వెళ్లాలంటే మొన్నమొన్నటిదాకా సొంత దేశంలోనే రెండు సరిహద్దు చెక్‌పోస్టులు దాటాల్సి వచ్చేది. క్రొయేషియా తీరాన్ని మధ్యలో నెయుమ్ అనే ఊరి దగ్గర 9 కిలోమీటర్ల మేర బోస్నియా తెగ్గొడుతుంది. వెనిస్ సేనలు నేల మీదుగా రాకుండా అడ్డుగా ఉంటుందని 1699లో దుబ్రోవ్నిక్ పెద్దలే ఆ ముక్కను ఒట్టొమాన్ సుల్తానుకు వదిలేశారు. ఆనాటి తెలివికి ఈనాటి యాత్రికులు వేసవి ఎండలో, కదలని కార్ల వరసల్లో జరిమానా కట్టారు. 2022 జులైలో నెయుమ్‌ను తప్పించి సముద్రం మీదుగా సాగే పెల్యేషాట్స్ వంతెన తెరిచాక ఆ బాధ తీరింది. దానికి యూరోపియన్ యూనియన్ ఇచ్చిన సొమ్ము 35.7 కోట్ల యూరోలు. కట్టింది మాత్రం చైనా కంపెనీ!

ఆర్థిక కూటమిలో చేరితే పర్యాటకానికి ఒరిగేదేమిటని అడిగేవారికి ఆ వంతెనను చూపిస్తే చాలు. 2013 జులై 1న ఈయూలో చేరిన క్రొయేషియా, 2023 జనవరి 1న ఒకేరోజు యూరో కరెన్సీనీ, సభ్యదేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంజెన్ ఏర్పాటునూ అందుకుంది. అక్కడికి వచ్చేవారిలో జర్మన్లు, స్లొవేనియన్లు, ఆస్ట్రియన్లే ఎక్కువ. వారిలో చాలామంది సొంత కార్లలోనే వస్తారు కాబట్టి సరిహద్దు గేటు లేచిపోవడం, డబ్బు మార్చుకునే పని తప్పడం చిన్న సౌకర్యాలేమీ కావు. మనవాళ్లకూ కలిసొచ్చింది. జర్మనీలో ఉద్యోగం చేసుకునే తెలుగు కుటుంబం అక్కడి నివాస అనుమతితోనే వేరే వీసా లేకుండా ఏడ్రియాటిక్ తీరానికి వెళ్లి రాగలుగుతోంది.

అలాగని వచ్చిన ప్రతి యాత్రికుణ్నీ కూటమి ఖాతాలో రాయలేం. 2012లో సుమారు కోటీ 18 లక్షల మంది వచ్చిన దేశానికి 2019 నాటికే సుమారు 2 కోట్ల మంది వచ్చారు. అప్పటికి యూరో లేదు, షెంజెన్ లేదు. చౌక విమానాలు, దుబ్రోవ్నిక్ కోటగోడల మీద తీసిన ఒక టీవీ సీరియల్ కూడా జనాన్ని లాక్కొచ్చాయి. పైగా కూటమి ఒక తలుపు తెరిచేటప్పుడు మరోటి మూయిస్తుంది. ఈయూ నిబంధనల ప్రకారం 2013 ఏప్రిల్ నుంచే రష్యన్లకు, టర్కీవారికి, ఉక్రేనియన్లకు క్రొయేషియా వీసా పెట్టాల్సి వచ్చింది. తెరిచిన తలుపైనా శాశ్వతమా అంటే, షెంజెన్‌లో చేరి ఏడాది తిరగకుండానే, 2023 అక్టోబరులో, పొరుగున ఉన్న స్లొవేనియా మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది.

ఒక యూరోకు 7.5345 కూనాల చొప్పున పాత కరెన్సీ మారింది. కూనా అంటే ముంగిసను పోలిన ఒక చిన్న జంతువు. దాని బొమ్మను కొత్త ఒక యూరో నాణెంపై అచ్చువేసి జ్ఞాపకం నిలుపుకున్నారు. బొమ్మ మిగిలింది కానీ పాత ధరలు మిగల్లేదు. మార్పు సందట్లో కాఫీ నుంచి క్షవరం దాకా ధరను పై అంకెకు సరిచేసిన వ్యాపారులపైకి ప్రభుత్వం ఇన్‌స్పెక్టర్లను పంపాల్సి వచ్చింది.

మా దృష్టిలో అసలు నష్టం మనుషులది. యాత్రికుడు లోపలికి వచ్చే దారినే వెయిటరు, వంటవాడు, నర్సు బయటికి వెళ్తారు. 2015లో జర్మనీ, 2020లో ఆస్ట్రియా క్రొయేషియన్లకు ఉద్యోగాల మీద ఆంక్షలు ఎత్తేశాయి. 2011 జనగణనలో 42.8 లక్షలున్న జనాభా 2021కి 38.7 లక్షలకు పడిపోయింది. పుట్టుకలు తగ్గడం ఒక కారణమైతే వలస రెండోది. ఆ ఖాళీల్లోకి ఇప్పుడు నేపాల్ నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, మన దేశం నుంచి కుర్రాళ్లు వెళ్తున్నారు. జర్మన్ యాత్రికుడి బల్ల మీద చేపల పళ్లెం పెట్టే చేయి ఖాట్మండుదైనా ఆశ్చర్యం లేదు.

దేశం విడిచి వెళ్లనివారికి ఇల్లు దొరకదు. తీరం పొడవునా గేట్లకు ‘సోబె’ అనే బోర్డులు వేలాడుతుంటాయి. గదులున్నాయని దాని అర్థం. ఆ గదులు వేసవిలో రాత్రి లెక్కన యాత్రికులకు, మిగతా నెలల్లో తాళానికి. ఊళ్లో పనిచేసే టీచరుకు ఏడాది పొడుగునా అద్దెకు ఇచ్చేవారు తక్కువ. అందుకే 2025 నుంచి ఇళ్లపై చదరపు మీటరుకు 0.60 నుంచి 8 యూరోల దాకా పన్ను తెచ్చి, సొంతంగా కాపురముండే ఇంటికీ, దీర్ఘకాలం అద్దెకిచ్చిన ఇంటికీ మినహాయించారు. మంచి పనే. ఈయూలో చేరిన పన్నెండో ఏటికి గానీ బుద్ధి పుట్టలేదు.

ఇప్పుడు పొరుగున మోంటెనెగ్రో ఈయూ గుమ్మంలో నిలబడి ఉంది. అదీ తీరం మీద బతికే దేశమే, రష్యన్ యాత్రికుల డబ్బు రుచి బాగా తెలిసిన దేశమే. చేరాలంటే వీసా విధానాన్ని ఈయూతో కలపక తప్పదు. ఆ సంగతి తీర పట్టణం బుద్వాలోని హోటళ్ల యజమానులకు అక్కడి ప్రభుత్వం ఇప్పుడే చెప్పాలి. అదే తీరంలోని కోటార్‌లో గదులు అద్దెకిచ్చేవారికి పన్ను రేటు కూడా సంతకాలకు ముందే చెప్పాలి.