షూర్టర్ ఎప్పుడు ఆపాల్సింది?

స్విట్జర్లాండ్ మౌంటెన్ బైక్ రేసర్ నీనో షూర్టర్ 2025 సెప్టెంబర్‌లో, 39 ఏళ్ల వయసులో, రేసులకు సెలవు చెప్పాడు. కొండదారుల్లో ల్యాపులు కొట్టే క్రాస్ కంట్రీలో 10 ప్రపంచ టైటిళ్లు, 36 వరల్డ్‌కప్ (ఏటా పలు చోట్ల జరిగే రేసుల సిరీస్) గెలుపులు, మూడు ఒలింపిక్ పతకాలు అతని ఖాతాలో ఉన్నాయి. మూడేళ్ల ముందే మానేయాల్సిందని మా ఇంట్లో ఒక పక్షం. ఆ పక్షం బాబాయ్‌ది. ఆయన రిటైరైన పీఈటీ, ఒకప్పటి కబడ్డీ ఆటగాడు. కాదనే పక్షం ఆయన అన్నగారి అమ్మాయిది. ఆదివారాలు మట్టిదారుల్లో సైకిల్ తొక్కి మోకాళ్లు చెక్కుకుని వస్తుంది.

బాబాయ్: 2022లో ఫ్రాన్స్‌లోని లె జెలో పదో టైటిల్ కొట్టాడు. అప్పటికి 36 ఏళ్లు. అంతకంటే మంచి ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది? మన క్రికెట్‌లో అంటుంటారు చూడు, ‘అప్పుడే ఎందుకు మానేశాడు’ అనిపించుకోవాలి గానీ ‘ఇంకా ఎందుకు మానడం లేదు’ అనిపించుకోకూడదని.

అమ్మాయి: అలా ఎవరన్నారు బాబాయ్? 2023లో సొంత దేశంలో, లెంజర్‌హైడెలో గెలిచి, ఫ్రాన్స్ వీరుడు జూలియన్ అబ్సలోన్ 33 గెలుపుల రికార్డు దాటాడు. ఆ ఏడాది వరల్డ్‌కప్ సిరీస్ కూడా అతనిదే. 2024లో ఇటలీలోని వాల్ డి సోలెలో మళ్లీ గెలిచాడు, 38 ఏళ్లకు! నీ ముహూర్తానికి లేచి వెళ్లిపోయుంటే ఆ రికార్డు ఇద్దరి పేర్ల మీదా సగం సగం ఉండిపోయేది.

బాబాయ్: పారిస్ ఒలింపిక్స్ ఊసెత్తవేం? తొమ్మిదో స్థానం. టోక్యోలో నాలుగు. ఆ రెండుసార్లూ బంగారం ఎవరిది? టామ్ పిడ్‌కాక్‌ది. రోడ్డు రేసులు చేసుకునే కుర్రాడు, అప్పుడప్పుడు కొండల మీదికి వస్తాడు. టోక్యోకి కొన్ని వారాల ముందు కాలర్ బోన్ విరిగింది, అయినా గెలిచాడు. పారిస్‌లో అయితే ముందు చక్రం పంక్చరైంది. దాదాపు 40 సెకన్లు పోయాయి. అయినా చివరి ల్యాప్‌లో ఫ్రాన్స్ రేసర్ కోరెట్జ్‌కీని దాటేశాడు. జీవితమంతా ఈ మట్టికే ధారపోసినవాడు వెనక ఎక్కడో ఉన్నాడు.

అమ్మాయి: పిడ్‌కాక్‌ని తక్కువ చేస్తే నా నోరు పడిపోతుంది. ఆ పంక్చర్ సంగతి నీకు పూర్తిగా తెలుసా? గాలి పోతే ఎక్కడపడితే అక్కడ ఎవరో వచ్చి చక్రం మార్చరు. టెక్ జోన్ అని ఒక చోటు ఉంటుంది, మెకానిక్‌లు అక్కడే ఉంటారు. అక్కడిదాకా ఆ చప్పబడిన టైరు మీదే ఈడ్చుకుంటూ రావాలి. అలా వచ్చి గెలవడం మాటలు కాదు. కానీ అది ఒక మధ్యాహ్నం, గంటన్నర ఆట. షూర్టర్‌ది 2008లో బీజింగ్ కాంస్యంతో మొదలైన కథ. అప్పట్లో 26 అంగుళాల చక్రాలు. 2012లో 27.5 చక్రాల మీద వరల్డ్‌కప్ రేసు గెలిచాడు. రియో బంగారం నాటికి 29 అంగుళాలు, వెనకా ముందూ సస్పెన్షన్. దారులు కూడా రాళ్లతో, దూకుళ్లతో కష్టమయ్యాయి. 2018 నుంచి షార్ట్ ట్రాక్ అని 20 నిమిషాల రేసు ఒకటి పెట్టారు, అందులో వెనకబడితే అసలు రేసులో ముందు వరుస దొరకదు. సన్నటి దారిలో వెనక చిక్కుకున్నావా, దాటడానికి చోటే ఉండదు. ఇన్ని మారినా అతను ముందే ఉన్నాడు. 2017లో ఆరు వరల్డ్‌కప్ రేసులకు ఆరూ గెలిచాడు, ప్రపంచ టైటిల్ అదనం.

బాబాయ్: అందుకే అంటున్నా, శిఖరం మీద ఉండగా దిగాలని. ఇంకోటి విను. పారిస్‌కి స్విస్ మగవాళ్లకు రెండే చోట్లు. ఒకటి ఫ్లూకిగర్‌ది, ఒకటి ఈయనది. ఈయన తప్పుకుంటే ఇంకో కుర్రాడు వెళ్లేవాడు. ముప్పై ఏళ్లు స్కూలు టీముల్ని ఎంపిక చేసినవాణ్ని, బెంచీ మీద కూర్చున్న పిల్లల మొహాలు నాకు తెలుసు.

అమ్మాయి: ...ఇది మాత్రం గుచ్చుకుంది. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వాల్ డి సోలెలో గెలిచినవాణ్ని ఇంట్లో కూర్చోమని ఏ సెలెక్టర్ అంటాడు, అంతే నేను చెప్పగలిగింది.

బాబాయ్: నేను 34కే ఆపేశాను, తెలుసుగా.

అమ్మాయి: నువ్వు ఆపలేదు బాబాయ్, నీ మోకాలు ఆపించింది. పిన్నే చెప్పింది.

బాబాయ్: మీ పిన్ని అన్నీ చెప్పేస్తుంది!

అమ్మాయి: కోపం వద్దు. ఒక్క లండన్ ఒలింపిక్స్ సంగతి విను. 2012. షూర్టర్, చెక్ దేశం కుర్రాడు కుల్హావీ, ఇటలీ ఫోంటానా, ముగ్గురూ చివరి ల్యాప్ దాకా కలిసే తొక్కారు. ముగింపు గీత ఇక కనిపిస్తున్నంత దూరంలో కుల్హావీ పక్కనుంచి దూసుకొచ్చాడు. గంటా 29 నిమిషాల 7 సెకన్లు అతనివి, షూర్టర్‌వి 8. ఒక్క సెకనుతో బంగారం పోయింది. అప్పటికి షూర్టర్ వయసు 26. నాలుగేళ్లు ఆగి రియోలో గెలిచాడు, రెండో స్థానంలో వచ్చింది ఆ కుల్హావీయే. ఆ ఒక్క సెకను కోసం నాలుగేళ్లు తొక్కినవాడికి ముహూర్తం పెట్టి ‘ఇక దిగు నాయనా’ అంటే ఎలా దిగుతాడు?

బాబాయ్: రియో దాకా సరే. నేను అడిగింది రియో తర్వాత సంగతి కదా? ఆ సెకను తిరిగి వచ్చేసింది. మరి ఆ తర్వాత తొమ్మిదేళ్లు దేనికి?

అమ్మాయి: అతనికి అదే పని బాబాయ్. పొద్దున లేచి కొండెక్కడం ఇష్టం.

బాబాయ్: ఇష్టానికి కూడా జీతం ఇస్తారా?

అమ్మాయి: గెలుస్తున్నంత కాలం స్పాన్సర్లు ఇస్తారు మరి.

బాబాయ్: హుఁ. ఆ లండన్ వీడియో ఉందా నీ ఫోన్లో? చివరి మలుపు దగ్గర పెట్టు. లోపలి వైపు చోటు వదిలాడా లేదా చూస్తాను. వదిలి ఉంటే మాత్రం తప్పు అతనిదే.